సామాన్ల దగ్గర ఎవరుంటారు?

లాలాగూడ రైల్వే క్వార్టర్స్‌లో ఆ శనివారం పొద్దున్నే మార్త వాటర్ పార్కుకు సంచి సర్దింది. భర్తకూ ఇద్దరు పిల్లలకూ రెండేసి జతల బట్టలు, తువాళ్ళు, తడిబట్టలకు ప్లాస్టిక్ కవర్లు, తలకు కొబ్బరినూనె, బస్సులో కడుపు తిప్పకుండా వాసన చూడ్డానికి నిమ్మకాయలు.

అత్తగారు ప్రేమమణి సంచిలోకి తొంగి చూసి, "నీ బట్టలేవమ్మా?" అంది.

"నేను నీళ్ళలో దిగను కదా అత్తయ్యా. సామాన్ల దగ్గర ఎవరుంటారు?"

పోయినేడూ అంతే. పిల్లలు అలల్లో కేరింతలు కొడుతుంటే మార్త చెప్పుల కుప్ప పక్కన కూర్చుని బొటనవేలు మాత్రం తడుపుకుంది. ఈసారైనా మెడదాకా మునగాలని ఆమెకు ఎంతో కోరిక. ఎవరికీ చెప్పలేదు.

"శిష్యులతో ఇంటికొచ్చిన ప్రభువు మాటలు వినకుండా పనీ పనీ అంటున్న ఆ బేతనియ మార్తను ఆయన మందలించాడని మరిచావా?" అంది ప్రేమమణి.

"మరవలేదు. కానీ ఆ పూట వాళ్ళందరికీ అన్నం ఎవరు పెట్టారో సువార్తలో ఎక్కడా లేదు కదత్తయ్యా."

పాతికేళ్ళు సండేస్కూలు చెప్పిన ప్రేమమణి, "అదీ నిజమే" అంటూ లోపలికి వెళ్ళి, చర్చికి కట్టే చీర కట్టుకుని, కోడలి పంజాబీ డ్రెస్సు చేత్తో పట్టుకుని వచ్చింది.

"ఇది పెట్టుకో. సామాన్ల దగ్గర నేనుంటా."

బస్టాపుకు పిలిచిన ఆటోలోంచి మార్త భర్త ఆర్థర్, "మోకాళ్ళ నొప్పులన్నావు, నువ్వెక్కడికమ్మా?" అన్నాడు.

"కూర్చోడానికి మోకాళ్ళెందుకురా? కాస్త జరుగు."

మార్త అప్పటికే సంచి విప్పి, తన బట్టలు అన్నిటికన్నా పైన పెట్టుకుంటోంది.