అభ్యంతరం ఉన్నవాళ్లు

ఏబేలు యుద్ధం ముగియకముందే ఇంటికి వచ్చేశాడు. కాలు పోలేదు, చెయ్యి పోలేదు, ఒంటి మీద చిన్న గీత కూడా లేదు. ఊరు అతన్ని క్షమించకపోవడానికి అదొక్కటి చాలింది.

పెద్దారవీడు దగ్గరి ఆ పల్లె నుంచి వానలు మొహం చాటేసిన ఏడు చాలామందే తెల్లదొరల పట్టాళంలో చేరారు. దేశం కోసమని ఎవరూ పోలేదు. రెండు పూటలా తిండి పెడతారని పోయారు. ఏబేలు తండ్రి అప్పటికే లేడు. తల్లి మగ్దలీనమ్మ కూలికి పోయేది, చెల్లెలు భాగ్యమ్మ మార్కాపురం పలకల గనుల్లో రాయి మోసేది. ఏబేలు రైలెక్కిన రోజున గుడి పెద్ద, వాళ్ల మేనమామ అబ్రహాము, అందరి ముందూ ప్రార్థన చేసి పంపించాడు. రెండేళ్లు తిరక్కుండానే మేనల్లుడు చేతిసంచితో గుమ్మంలో నిలబడేసరికి ఆ పెద్దమనిషికి ఏం చేయాలో తోచలేదు.

"ఏందిరా ఇది? యుద్ధం అయిపోలేదు గదా, నిన్నెట్ల పంపించినారు?"

"నేనింక అక్కర్లేదన్నారు మామా."

"వేలమంది చస్తా ఉంటే నువ్వు అక్కర్లేకపోవడమేందిరా!"

ఏబేలు సంచి లోపల పెట్టుకున్నాడు. ఆదివారం వచ్చేలోపు పల్లె తనకు కావలసిన జవాబు తనే చెప్పుకుంది. బాంబుల మోతకు జడిసి పారిపోయి వచ్చాడంది. గుడిలో అతని పక్కన చాప మీద కూర్చోవడానికి ఎవరూ రాలేదు. తల్లి తల దించుకుని పాటలు పాడింది. ఏబేలు కాదనలేదు, ఔననలేదు. పిరికివాడన్న మాట అబద్ధమే. కాని దాని వెనక ఒక మనిషి దాక్కునేంత చోటుంది.

అసలు సంగతి అస్సాం కొండల్లో జరిగింది. ఏబేలును ఆసుపత్రి దళంలో వేశారు. దెబ్బ తిన్న సిపాయిలను స్ట్రెచర్ మీద కొండ దించడం పని. ముందు కొస పట్టినవాడు గిద్దలూరు రైల్వే గ్యాంగు కూలీ కొడుకు నిత్యానందం. వెనక కొస ఏబేలు. బురదలో, జలగల్లో, మూలిగే మనుషులను మోసుకుంటూ ముందువాడి వీపునే చూస్తూ నడవడం. ఆ వీపు ఎప్పుడు అలసిందో, ఎప్పుడు జ్వరంతో ఉందో ఏబేలుకు అడక్కుండానే తెలిసిపోయేది.

నిత్యానందం మాటకారి. మొదటి రోజు నుంచే ఏబేలును బావా అని పిలిచాడు. తెలుగువాళ్లలో ఎవరు ఎవరినైనా బావా అనుకోవచ్చు గనక ఆ పిలుపును ఎవరూ పట్టించుకోలేదు. ఆ ఒక్క మాట కింద వాళ్లిద్దరూ దాదాపు ఏడాది బతికారు. ఒకే కంచంలో తిన్నారు. ఒకడికి జ్వరం వస్తే రెండోవాడు కాళ్లు పట్టాడు. తర్వాత అంతకన్నా దగ్గరయ్యారు. అది ఎలా మొదలైందో ఏబేలు చెప్పలేడు. అంతకుముందు ఏ ఆడపిల్లను చూసినా తన గుండె ఎందుకు కదల్లేదో మాత్రం అతనికి అప్పుడు అర్థమైంది. భయం వేసింది. భయంతోపాటే పుట్టి బుద్ధెరిగాక ఎన్నడూ లేని నెమ్మది కూడా కలిగింది.

ఒక మధ్యాహ్నం కుండపోత వాన. స్ట్రెచర్లు దాచే పాకలో ఇద్దరే ఉన్నారనుకున్నారు. ఎవరో హవల్దారు తడుస్తూ వచ్చి తెర ఎత్తాడు.

విచారణ పట్టపగలు, బల్ల ముందు నిలబెట్టి జరిగింది. దొరకు తెలుగు రాదు. అందుకని ఒక తెలుగు గుమాస్తాను కూర్చోబెట్టారు. ఇద్దరు సుబేదార్లు, కాపలా సిపాయి, పక్కన టైపు కొట్టేవాడు, అందరూ వింటున్నారు. దొర ఇంగ్లీషులో మెల్లగా ఏదో అడిగేవాడు. గుమాస్తా దాన్ని తెలుగులోకి తిప్పేసరికి అది బూతయ్యేది. ఎవరు ముందు, ఎక్కడ, ఎట్లా, ఇష్టపడేనా, ఇంకెవరెవరితో. ఏబేలు తనకు తాను కూడా పేరు పెట్టుకోని దానికి ఆ గుమాస్తా పేరు పెట్టాడు. పెట్టి, కాపలావాడి వైపు చూసి నవ్వాడు.

చివరికి గుమాస్తా అన్నాడు: "నీ తోటివాడు నిన్ననే అంతా ఒప్పుకున్నాడు. వాడు వద్దు వద్దంటున్నా నువ్వే బలవంతం చేశావట. ఔనా, కాదా?"

ఏబేలు తల ఎత్తి చూశాడు. కాదంటే ఇద్దరూ జైలుకే. ఔనంటే ఒక్కడే.

"ఔను," అన్నాడు.

ప్రేమ కొద్దీ అన్నాడో, ఇంకొక్క ప్రశ్న వినలేక అన్నాడో అతనికి ఆ తర్వాత ఎన్నడూ తేలలేదు. జైలు తప్పింది. బయటికి పొక్కితే దళం పరువు పోతుందని దొర భయపడ్డాడట. కారణం ఎక్కడా రాయబోమని, నోరు మూసుకుని ఊరికి పొమ్మని చెప్పారు. అది తన మీద దయ అని కూడా చెప్పారు.

ఊళ్లో ఏబేలు చెల్లెలితోపాటు పలకల గనికే పోయాడు. ఉలి పెట్టి నల్లరాతిని పొరలు పొరలుగా చీల్చే పని. దుమ్ములో మాటలు తక్కువ. అది అతనికి నప్పింది. పెళ్లి మాట ఎత్తేవాళ్లు లేరు. పారిపోయి వచ్చినవాడికి పిల్లనిచ్చేదెవరు? అతనికి అది కూడా నప్పింది.

యుద్ధం అయిపోయింది. ఆ మరుసటి వేసవిలో ఒక పొద్దున నిత్యానందం ఏబేలు పల్లెకు వచ్చాడు. చొక్కా చేతి మీద హోదా పట్టీలు రెండు, కాళ్లకు బూట్లు. పిల్లలంతా వెంటపడ్డారు. మగ్దలీనమ్మ కాళ్లకు మొక్కి "అత్తా" అన్నాడు. భాగ్యమ్మను అడగడానికి వచ్చానన్నాడు.

మగ్దలీనమ్మ గబగబా మంచం వాల్చింది. కొడుకు తెచ్చిన తలవంపులన్నీ అల్లుడితో తీరిపోతాయని ఆమె కళ్లు చెప్పేశాయి. అబ్రహాము అయితే ఇంటింటికీ పోయి చెప్పి వచ్చాడు.

ఏబేలు నిత్యానందాన్ని గని వైపు తీసుకుపోయాడు. పనికిరాని రాతిముక్కలు గుట్టలుగా పడి ఉన్న చోట ఇద్దరూ నిలబడ్డారు.

"జైల్లో వేస్తామన్నారు బావా," అన్నాడు నిత్యానందం, అడక్కముందే. "నాయన పని కూడా పోతాదన్నారు. నేనేం చేసేది?"

"నాతో ఒక్కమాట చెప్పి ఉంటే నేనే నెత్తినేసుకునేవాణ్ణి. చెప్పకపోయినా వేసుకున్నా."

"తెలుసు. అందుకే వచ్చినా." అతను ఏబేలు చెయ్యి పట్టుకున్నాడు. "భాగ్యాన్ని చేసుకుంటే నేను మీ ఇంటి అల్లుణ్ణి. ఎప్పుడొచ్చినా, ఎన్నాళ్లున్నా అడిగేవాడుండడు. నువ్వూ మా ఇంటికి రావచ్చు. ఇంకెవడూ తెర ఎత్తి చూడడు."

ఒక్క క్షణం ఏబేలుకు ఆ బతుకు కళ్ల ముందు కదిలింది. ఒక వాకిలి, రెండు మంచాలు, పొద్దుగూకేదాకా కబుర్లు. కావాలనిపించింది.

"మరి భాగ్యం?" అన్నాడు.

"భాగ్యానికేం? బాగా చూసుకుంటా. తిండికీ బట్టకీ లోటు రానియ్యను."

చూసుకుంటాడు. అది నిజమేనని ఏబేలుకు తెలుసు. అందుకే మరింత మండింది. చెయ్యి విడిపించుకుని వెనక్కి చూడకుండా వచ్చేశాడు.

ఇంట్లో వద్దన్నాడు. ఎందుకు వద్దని తల్లి అడిగింది. వద్దంటే వద్దన్నాడు.

"వాడు మొగోడై తిరిగొచ్చినాడని నీకు కడుపుమంట," అంది మగ్దలీనమ్మ. "నువ్వు పాడైంది చాలు. దాని బతుకన్నా బాగుపడనియ్యి."

మర్నాడు గనిలో పని అయ్యాక ఏబేలు చెల్లెల్ని ఆపాడు. చెప్పడానికి అతని దగ్గర మాటలు లేవు. ఉన్న మాటలన్నీ ఆ గుమాస్తా ఎంగిలి చేసేశాడు. వెతుక్కుని వెతుక్కుని చివరికి ఇలా అన్నాడు:

"వాడూ నేనూ ఆలుమగల మాదిరి బతికినాం భాగ్యం. అందుకే విచారణ పెట్టి నన్నొక్కణ్ణే పంపించేసినారు. వాడు నీకు మొగుడు కాలేడమ్మా."

భాగ్యమ్మ తట్ట కింద పెట్టింది.

"ఆయనే నీ మీద చెప్పినాడా?"

"చెప్పినాడు."

"నువ్వు ఒప్పుకున్నావా? అందరి ముందరా?"

"అందరి ముందరే."

ఆమె చీర కొంగుతో మొహాన రాతిదుమ్ము తుడుచుకుంది. తుడుచుకుంటూనే ఏడ్చింది. "నిన్ను ముంచి గట్టున కూచున్నోడు," అంది. "ఇప్పుడు నన్ను అడ్డం పెట్టుకోవాలని వచ్చినాడు. మనుషుల్ని ఇట్ల కూడా వాడుకుంటారా అన్నా?"

ఆ సాయంత్రం పెద్దల ముందు భాగ్యమ్మ తనకు ఈ సంబంధం ఇష్టం లేదంది. అబ్రహాము కారణం అడిగాడు.

"ఆయన చేతులతో ఎన్ని పీనుగులు మోసినాడో. నాకు భయం."

"మీ అన్న పిరికితనం నీకూ అంటుకుందేందే!" అని అబ్రహాము లేచిపోయాడు. మగ్దలీనమ్మ కూతుర్ని జుట్టు పట్టుకుని కొట్టింది. ఏబేలు అడ్డం పోతే అతన్నీ కొట్టింది. భాగ్యమ్మ దెబ్బలు తిన్నది గాని ఇంకో మాట అనలేదు.

నిత్యానందానికి అర్థమైపోయింది. బండి ఎక్కబోతూ ఏబేలును పక్కకు పిలిచి ఒకే ఒక్కటి అడిగాడు.

"ఎవరికన్నా చెప్తాదా?"

"చెప్పదు," అన్నాడు ఏబేలు.

పట్టీలున్న పెళ్లికొడుకును కాదన్న పిల్లకు మళ్లీ మంచి సంబంధం రాలేదు. ఆ చలికాలం భాగ్యమ్మను కొమరోలు దగ్గర, పెళ్లాం చనిపోయి ముగ్గురు పిల్లలున్న ఒకతనికి ఇచ్చారు. అతను చెడ్డవాడు కాదు. ముసలివాడు, అంతే. అంపకాల రోజు ఆమె తల్లిని కౌగిలించుకుని ఏడ్చింది. అన్న దగ్గరికి వచ్చేసరికి కళ్లు పొడిగా ఉన్నాయి.

"నువ్వు చెప్పకుండా ఉన్నా సరిపోయేది," అంది మెల్లగా. "తెలియక ఆయనతోనే బతికేదాన్నేమో. తెలిసినాక యాడ బతికినా ఇట్లనే ఉంటాది."

ఏబేలు ఆమె పెట్టె ఎత్తి బండిలో పెట్టాడు.

కొన్నాళ్లకు అబ్రహాము ఒక కబురు తెచ్చాడు. నిత్యానందానికి గిద్దలూరులోనే సంబంధం కుదిరిందట. రైల్వే మేస్త్రీ జ్ఞానయ్య కూతురు ఏసమ్మ. వచ్చే ఆదివారం గుడిలో పెళ్లి ప్రకటన. "మన పిల్ల కాలదన్నుకున్నదాన్ని ఆ పిల్ల ఎత్తుకుంది," అన్నాడు అబ్రహాము, మేనల్లుడి వైపు చూస్తూ.

ఆ ఆదివారం ఏబేలు తెల్లవారుతూనే రైలెక్కాడు. ఈసారి పిల్ల తండ్రికి చెప్పేయాలనుకున్నాడు. చెల్లెలికి చెప్పగలిగినవాడు ఇంకొకరి కూతురికి ఎందుకు చెప్పలేడు? దారి పొడుగునా నల్లమల కొండల వైపు చూస్తూ మాటలు పేర్చుకున్నాడు.

గుడి నిండా జనం. అతను తలుపు దగ్గర నిలబడ్డాడు. మగవాళ్ల వరసలో నిత్యానందం, ఆడవాళ్ల వైపు తెల్లచీరలో ఒక చిన్నపిల్ల. పాదిరి అయ్యగారు ఇద్దరి పేర్లూ చదివి, "ఈ వివాహానికి న్యాయమైన అభ్యంతరం ఎవరికైనా ఉంటే ఇప్పుడు తెలియజేయవచ్చు," అన్నారు. ఎవరో దగ్గారు. ఎవరి ఒళ్లోనో పసిపిల్ల ఏడ్చి ఊరుకుంది.

నోరు తెరిస్తే ఎలా తెలుసని అడుగుతారు. ఇంతమందీ గుమాస్తాలవుతారు. నిత్యానందాన్ని ఈ గుమ్మంలోనే కొడతారు. ఆ మాట కొమరోలు దాకా పోతుంది. భాగ్యమ్మ ఎందుకు కాదన్నదో ఆమె మొగుడికి తెలిసిపోతుంది. ఏబేలు ఇవన్నీ అనుకుంటూ ఉండగానే అయ్యగారు తర్వాతి పాట సంఖ్య చెప్పేశారు. ఇవి కారణాలో, సాకులో అతను తేల్చుకోలేకపోయాడు.

గుడి విడిచాక ఒక నడివయసు మనిషి నేరుగా వచ్చి అతని రెండు చేతులూ పట్టుకున్నాడు. జ్ఞానయ్య.

"ఏబేలువి గదా నాయనా? మా అల్లుడు దూరం నుంచి చూపించినాడు. నీ మాట ఎప్పుడూ చెప్తుంటాడు. పాడు జ్వరం తగిలి నువ్వు లేవలేకపోతే పంపించేసినారంట గదా. నీ అంత గుండె ఉన్నోడు దళంలోనే లేడన్నాడు. మీ ఊరోళ్లకేం తెలుసు? పారిపోయినాడని ఎవడన్నా అంటే నా దగ్గరికి రమ్మను!"

ఇన్నేళ్లలో ఏబేలు తరఫున మాట్లాడిన మనిషి ఇతనొక్కడే. ఆ మాటలు అతని నోట పెట్టినవాడు గుడి మెట్ల మీద నిలబడి, బెదురు చూపులతో ఇటే చూస్తున్నాడు.

"జ్వరమే పెదనాయనా," అన్నాడు ఏబేలు.

అన్నం తినకుండా పోనివ్వనని జ్ఞానయ్య ఇంటికి లాక్కుపోయాడు. పెళ్లికి ముందు ఆ ఇంట్లో అడుగు పెట్టకూడదని నిత్యానందం రాలేదు. ఏసమ్మ వడ్డించింది. పద్దెనిమిదేళ్లుంటాయేమో. సిగ్గుపడుతూనే, నాయన చేతులు కడుక్కోవడానికి పెరట్లోకి పోయేదాకా ఆగి అడిగింది.

"అన్నా, మీరిద్దరూ ఒక్కచోటే ఉన్నారు గదా. ఆయనకు ఏం ఇష్టమో నీకు తెలిసి ఉంటాది. ఇక్కడ ఎవరిని అడిగినా నవ్వుతున్నారు."

ఏబేలు కలుపుతున్న అన్నం ఆపాడు. ఆ పిల్ల కళ్లలో ఎగతాళి లేదు, అనుమానం లేదు. నిజంగానే తెలుసుకోవాలని నిలబడింది.

"గోంగూర ఇష్టం," అన్నాడు. "కారం ఎక్కువ పడాల. అన్నం పొగలు కక్కుతుండాల, చల్లారితే ముట్టడు. జ్వరం వస్తే చెప్పడు, అరికాళ్లు చల్లబడతాయి. నువ్వే చూసుకోవాల."

"అరికాళ్లు," అని ఏసమ్మ మర్చిపోకుండా పెదాల మీదే అనుకుంటూ చారు తేవడానికి లోపలికి పోయింది.