హంసవేణి అడగని వేషం

అట్ట ఊడినా హంతకుడి గుట్టు మాత్రం ఆఖరి పేజీ దాకా విప్పని డిటెక్టివ్ నవలను నేను. పుట్టింది బెజవాడలో ఒక అచ్చాఫీసులో. నన్ను రాసిన మర్రిపాటి జోగారావుగారు కారునలుపు మనిషి. అయినా నా కథలో డిటెక్టివ్‌ది దబ్బపండు ఛాయ, హంతకుడేమో బొగ్గు నలుపు. అంతటితో ఆగారా? వెనక అట్టమీద తన ఫోటోకి కూడా గోడకి సున్నం కొట్టినట్టు తెల్లరంగు వేయించుకున్నారు. మనుషుల ముచ్చట్లు మనకెందుకులే అని ఊరుకున్నాను.

అద్దె పుస్తకాల కొట్లో కొన్నాళ్లు నలిగి, తెనాలిలో ఆడపిల్లల హాస్టలుకి చేరాను. అక్కడ హంసవేణి నన్ను నమిలి మింగేసింది. డిటెక్టివ్ మాటలన్నీ ఆ పిల్లకి కంఠతా వచ్చు. బట్టలుతుకుతూ "కదలకు! నీ ఆట కట్టింది" అని బకెట్టును బెదిరించేది. వార్షికోత్సవానికి నన్నే నాటకంగా వేద్దామన్నప్పుడు తన గుండె ఎంత గట్టిగా కొట్టుకుందో ఒళ్లో ఉన్న నాకు తెలుసు. తీరా ఎవరికి ఏ వేషం కావాలని వార్డెన్ కనకవల్లిగారు అడిగితే, అందరికంటే ముందు చెయ్యెత్తింది.

"నా రంగుకి హంతకుడి వేషమేనండీ నప్పేది."

కాదన్నవాళ్లు ఒక్కరూ లేరు. తెల్లగా ఉందని డిటెక్టివ్ వేషం సులోచనకిచ్చారు. పాపం, దానికి రెండు ముక్కలు గుర్తుంటే మూడోది జారిపోయేది. నాకు ఒళ్లు మండిపోయింది. కాగితాన్ని కదా, జాగ్రత్తగానే మండాను.

నాటకానికి జోగారావుగారే ముఖ్య అతిథి. ఆ రోజు పొద్దున పిల్లలు పూలదండతో స్టేషనుకి వెళ్లారు. సంతకం కోసం హంసవేణి నన్నూ పట్టుకెళ్లింది. రైల్లోంచి ఇద్దరు దిగారు. ముందు పాలమీగడలాంటి గుమాస్తా, ప్రచురణకర్త పంపిన మనిషి. వెనకాల పెట్టె మోసుకుంటూ మా జోగారావుగారు. సులోచన వెళ్లి గుమాస్తా మెళ్లో దండ వేసేసింది. హంసవేణి నా వెనక అట్ట ఒకసారి చూసుకుని, జోగారావుగారి వైపు తిరిగి, "ఆ పెట్టె రిక్షాలో పెట్టవయ్యా" అంది. ఆయన అలవాటైనవాడిలా ఎత్తి పెట్టారు.

గుమాస్తా కంగారుపడి దండ తీసి ఆయన మెళ్లో వేసేసరికి హంసవేణి కళ్లలో నీళ్లు తిరిగాయి.

"తప్పయిపోయిందండీ. నేనూ నలుపే కదా, నేనే ఇలా..."

జోగారావుగారు పగలబడి నవ్వారు. "నీ తప్పేముందమ్మా! నువ్వు చదివింది నేను రాసిందేగా. ఇంతకీ నాటకంలో నీది ఏ వేషం?"

"హంతకుడండీ."

"వాళ్లిచ్చారా, నువ్వడిగావా?"

"నేనే అడిగానండీ."

"నిజంగా అదే కావాలా?"

హంసవేణి తల దించుకుంది. నన్ను గట్టిగా పట్టుకుని, "కాదండీ. నాకు డిటెక్టివే కావాలి" అంది.

సులోచన ఎగిరి గంతేసింది. "హమ్మయ్య! తీసుకోవే తల్లీ. ఆ డైలాగులు నా వల్ల కావట్లేదు. హంతకుడికైతే చివర్లో 'చచ్చాన్రా దేవుడా' అనడమేగా!"

ఇప్పుడు హాస్టలు బీరువాలో నాకు చెదపురుగులతో సహవాసం. అయినా ఆ సాయంత్రం తలుచుకుంటే ఒళ్లు పులకరిస్తుంది. మేకప్ చేసే ఆయన, డిటెక్టివ్ కదా అని, ముఖాన్ని తెల్లగా చూపించే అర్దళం పొడి కలిపి హంసవేణి బుగ్గలకు పులమబోయాడు. సులోచన కోసం మసి గిన్నె పక్కనే పెట్టుకున్నాడు. హంసవేణి చెయ్యి అడ్డం పెట్టింది.

"నాకేమీ పుయ్యకండి. డిటెక్టివ్ ఇలాగే ఉంటాడు." సులోచన వైపు చూసి నవ్వింది. "దానికీ మసి వద్దు. హంతకుడు అలాగే ఉంటాడు."