కుట్టు కనపడని హ్యాండిల్

పెళ్ళి పదకొండింటికి. పెళ్ళికూతురు అంతకు చాలా ముందే తమ్ముడి షెడ్డుకొచ్చి, "నా బండి ఏదిరా?" అంది.

బండి ఉంది. దానికి తల మాత్రం లేదు. ఊడదీసిన హ్యాండిల్ బల్లమీద పడుకుని ఉంది. దాని ముందు తమ్ముడు చొక్కా చేతులు మడుచుకుని, తల ప్రాణం తోకకొచ్చినవాడిలా కూర్చున్నాడు. బండ్ల వైరింగు అతని పని. నేర్చుకునే రోజుల్లో ముట్టుకున్న ప్రతి బండికీ ఫ్యూజు ఎగరగొట్టేవాడట. ఇప్పుడు చెయ్యి తిరిగినా ఫ్యూజు అన్న పేరు మాత్రం పోలేదు.

అక్కను వీధంతా కుట్టక్క అనే పిలుస్తుంది. షెడ్డుకు ఆనుకునే ఆవిడ కుట్టుపని గది. పైకి ఒక్క కుట్టు కనపడకుండా అంచు మడిచి కుట్టడంలో ఆవిడను మించినవాళ్ళు లేరు. ఓ పాత మోటారుసైకిల్ కొని తమ్ముడికి అప్పగించినప్పుడు కూడా ఒకటే మాట చెప్పింది. "హ్యాండిల్ మీద వైర్లు వేలాడితే నాకు నచ్చదురా. కుట్టు ఎలా కనపడకూడదో వైరూ అలాగే కనపడకూడదు. అన్నీ గొట్టం లోపలినుంచే పోనీ. పెళ్ళికి నేను ఆ బండిమీదే వెళ్తాను."

ఇంక పెళ్ళి చేసుకోదులే అని చుట్టాలు అడగడం కూడా మానేశాక కుదిరిన పెళ్ళి అది. ఒకరోజు గుడ్డల దుకాణం లిఫ్టులో, చంకలో గుడ్డ తాను పెట్టుకుని ఇరుక్కుపోయింది. కాసేపటికి పైనుంచి లిఫ్టు బాగుచేసే ఆయన గొంతు వినపడింది.

"లోపల ఎంతమంది ఉన్నారండీ?"

"నేనొక్కదాన్నే."

"భోంచేశారా?"

"లేదు."

"అయితే తొందరగా తీస్తాను."

తీశాడు. ఆ తర్వాత లిఫ్టు చెడిపోకపోయినా ఆయన వచ్చేవాడు, గుడ్డ అక్కర్లేకపోయినా ఈవిడ వెళ్ళేది. సంగతి ఇంట్లో చెప్పేలోపే వీధికి తెలిసిపోయింది.

"కుడివైపు నిన్ననే అయిపోయింది," అన్నాడు ఫ్యూజు. "ఎడమవైపే మొండికేసింది. లైటు, ఇండికేటర్లు, హారను, అన్నీ ఇటే కదా. స్విచ్చి కిందో చిల్లు, నడుమనో చిల్లు పెట్టాను. సన్నటి బ్రేకు తీగ దూర్చి చూశాను. వంపు దగ్గరకెళ్ళి మడుచుకుపోతోంది. ఇవాళ్టికి వైర్లు బయటే కట్టేస్తానక్కా. పెళ్ళయ్యాక..."

"నన్నూ అలాగే రమ్మంటావా, కుట్లన్నీ పైకి కనపడేలా?"

ఆవిడ ఒంటిమీద తనే కుట్టుకున్న నీలం పెళ్ళిబట్టలున్నాయి. మెడ చుట్టూ చిన్న చిన్న గాజుపూసలు. ఆవిడ హ్యాండిల్ అందుకుని ఓ కన్ను మూసి గొట్టంలోకి చూసింది. వంపు దగ్గర వేలితో తట్టింది.

"పైజామాకి బొందు ఎక్కిస్తున్నాం అనుకో," అంది. "నువ్వు బొందునే తోస్తున్నావు. బొందును ఎవరైనా తోస్తారా? లాగుతారు."

"లాగడానికి ముందు ఏదో ఒకటి అవతలికి వెళ్ళాలిగా."

ఆవిడ ఆలోచించలేదు. మెడ దగ్గర చెయ్యి పెట్టి ఓ పూస పుటుక్కున తెంపింది. ఫ్యూజు నోరు వెళ్ళబెట్టాడు. పక్క గదిలోకి వెళ్ళి దారపుకండె, లేసులు అల్లే కొక్కెం సూది, ముఖానికి రాసుకునే పౌడరు డబ్బా పట్టుకొచ్చింది. దారం చివర పూస కట్టి స్విచ్చి కింద చిల్లులోంచి వదిలింది. ఇద్దరూ చెరో కొస పట్టుకుని హ్యాండిల్‌ను నిలబెట్టి, పడుకోబెట్టి, చంటిపిల్లను ఊపినట్టు ఊపారు. లోపల పూస గలగలా దొర్లింది. వంపు దగ్గర ఆగింది. ఆవిడ ఇంకోసారి తట్టింది. మళ్ళీ గల్లుమంది.

"వచ్చింది, వచ్చింది, కదలకు," అంటూ ఆవిడ నడిమి చిల్లులోకి కొక్కెం దూర్చి, పెదవి కొరుక్కుంటూ, మెల్లిగా దారాన్ని బయటికి లాగింది.

ఇద్దరికీ ఒకేసారి నవ్వొచ్చింది. ఎందుకో చెప్పలేరు. పూస బయటికి రాగానే ఫ్యూజు దానికి దణ్ణం పెట్టాడు. దాంతో ఆవిడ బల్ల పట్టుకుని వంగిపోయింది.

దారానికి గట్టి తాడు కట్టి లాగారు. తాడుకి వైర్లు కట్టబోతుంటే ఆవిడ ఆపింది. "అన్నీ ఒకేచోట ముడేస్తే లావైపోతుందిరా. ఒకదాని వెనక ఒకటి మెట్లు మెట్లుగా కట్టు." చిల్లు అంచుకు వైరు కోసుకుపోకుండా ఇమడ్చాల్సిన రబ్బరు రింగును, ఎక్కడా పోకుండా, ఫ్యూజు చిటికెన వేలికి తొడుక్కున్నాడు. ఆవిడ వైర్లకు పౌడరు పట్టించి వెనకనుంచి అందిస్తూ ఉంటే, అతను ముందునుంచి లాగాడు. పాము పుట్టలోంచి వచ్చినట్టు వైర్లన్నీ జర్రున బయటికొచ్చాయి. షెడ్డంతా పౌడరు ఘుమఘుమలాడింది. అక్కాతమ్ముళ్ళిద్దరూ చేతులు పట్టుకుని బండి చుట్టూ గంతులేశారు.

హ్యాండిల్ బిగించారు. లైటు వెలిగింది, ఇండికేటర్లు కన్నుగీటాయి, హారను మోగింది. పైకి ఒక్క వైరు లేదు. అప్పుడే దువ్వుకున్న తలలా నున్నగా మెరుస్తోంది హ్యాండిల్.

"నువ్వు స్నానం చేసి, అమ్మను టాక్సీలో తీసుకురా. నేను బయల్దేరుతున్నా," అని కుట్టక్క బండెక్కింది.

వీధి చివరిదాకా రాణిలా వెళ్ళింది. అక్కడ నెమ్మదించి కుడివైపు తిప్పింది. హారను దానంతటదే బొయ్యిమంది. ఆవిడ చెయ్యి మీటమీద లేనే లేదు. ముందు నడుస్తున్న పెద్దమనిషి ఎగిరి గట్టుమీద పడ్డాడు. ఆవిడ కంగారుపడి హ్యాండిల్ ఎడమకు తిప్పింది. హారను ఊరుకుంది. మళ్ళీ కుడికి తిప్పింది. బొయ్యిమంది.

తిన్నగా పోతున్నంతసేపూ బుద్ధిగానే ఉంది. కుడికి తిప్పితేనే తగాదా. ఆపి చూద్దామంటే ఆవిడకు సూది సంగతి తెలుసుగానీ వైరు సంగతి తెలియదు. అందుకని ఓ నిర్ణయానికొచ్చింది. కుడికి వెళ్ళాల్సిన చోటల్లా ముందుకెళ్ళి, ఎడమకు తిరిగి, మళ్ళీ ఎడమకు, మళ్ళీ ఎడమకు తిరిగి వస్తే సరి. అలా చుట్లు చుడుతూ, తలచుట్టూ చెయ్యి తిప్పి ముక్కు చూపించినట్టు, పెళ్ళికి బయల్దేరింది. ఓ మందుల దుకాణం ముందునుంచి మళ్ళీ మళ్ళీ వెళ్ళాల్సొచ్చింది. చివరికి దుకాణంలో అమ్మాయి చెయ్యి ఊపింది. ఈవిడా ఊపింది. ఎడమ దారి లేనిచోట మాత్రం పళ్ళు బిగించి కుడికి తిప్పి, బొయ్యిమనిపించుకుంటూ, అందరికీ చిరునవ్వుతో తలూపుతూ పోయింది. ఆ నవ్వు కాసేపటికి నిజం నవ్వే అయింది. ఒంటరిగా బండిమీద పోతూ పగలబడి నవ్వుతున్న పెళ్ళికూతుర్ని చూసి, దారిచ్చినవాళ్ళు కూడా నవ్వారు.

రిజిస్ట్రారు ఆఫీసు మేడమీద లిఫ్టాయన ఇస్త్రీ చొక్కాతో కిటికీ దగ్గర నిలబడి ఉన్నాడు. ఫ్యూజు, తల్లి అప్పటికే వచ్చేశారు.

"అక్కేదిరా? మనకంటే ముందు బయల్దేరింది కదా?" అంది తల్లి.

దూరంగా ఎక్కడో బొయ్యిమని ఓ మోత. ఆగిపోయింది. ఇంకోవైపునుంచి మళ్ళీ మోత. ఫ్యూజు చెవులు నిక్కబొడుచుకున్నాయి. ఆ గొంతు అతనికి తెలుసు. కంగారుగా చొక్కా గుండీ పెట్టుకోబోతుంటే చిటికెన వేలికి ఏదో అడ్డం తగిలింది. చూసుకున్నాడు. నల్లటి రబ్బరు రింగు.

"బావగారూ," అన్నాడు నీరుగారిపోయి. "ఇది చిల్లులో ఉండాలి. నా వేలికుంది. అంచు కోసుకుని హారను వైరు గొట్టానికి తగులుతున్నట్టుంది."

లిఫ్టాయన ఆ రింగును, అతని ముఖాన్ని మార్చి మార్చి చూశాడు. "అంటే మీ అక్క ఎక్కడా ఇరుక్కుపోలేదు, కదులుతూనే ఉంది. అదే నయం," అని కిటికీలోంచి తల బయటపెట్టాడు. "ఇప్పుడు పడమర వైపునుంచి వస్తోంది."

"ఇందాక తూర్పునుంచి వచ్చిందిగా?" అంది తల్లి.

రిజిస్ట్రారమ్మ కళ్ళజోడు సవరించుకుని, "పెళ్ళికూతురు వస్తున్నట్టా, వెళ్ళిపోతున్నట్టా?" అని అడిగింది.

"వస్తోంది మేడమ్. కొంచెం చుట్టు తిరిగి," అన్నాడు లిఫ్టాయన. చెబుతుంటేనే నవ్వు తన్నుకొచ్చింది. నిబ్బరానికి పేరుపడ్డ మనిషి, కిటికీ చువ్వలు పట్టుకుని భుజాలు అదిరేలా నవ్వాడు.

ఆఫీసు గేటు కుడివైపే ఉంది. కుట్టక్క హ్యాండిల్ పూర్తిగా తిప్పి, వీధి దద్దరిల్లేలా లోపలికొచ్చింది. మేడమీద కిటికీలన్నీ తెరుచుకున్నాయి. ఆవిడ బండి దిగి, మెట్లెక్కి, జుట్టంతా చెదిరిపోయి, చెంపలమీద పౌడరు మరకలతో గుమ్మంలో నిలబడింది.

"ఆలస్యమైందా?" అంది.

"లేదు. భోంచేశావా?" అన్నాడు లిఫ్టాయన.

"లేదు."

"అయితే తొందరగా కానిద్దాం," అంది రిజిస్ట్రారమ్మ, కలం తీస్తూ.

సంతకాలయ్యాయి. కిందికి దిగాక ఫ్యూజు పెళ్ళిబట్టలతోనే మోకాళ్ళమీద కూర్చుని, కోసుకుపోయినచోట టేపు చుట్టి, రింగును కోసి వైర్ల చుట్టూ తొడిగి చిల్లులో ఇమిడ్చాడు. కుడికి తిప్పి చూశాడు. చప్పుడు లేదు.

"ఎక్కండి," అని కుట్టక్క వెనక సీటు తట్టింది మొగుడికి.

ఆయన కాలెత్తేలోపే, ఎప్పుడొచ్చిందో, తల్లి చెప్పులు సర్దుకుని ఎక్కి కూర్చుంది. కూతురి నడుం చుట్టూ చేతులు వేసేసింది కూడా.

"నువ్వు తర్వాత ఎక్కుదువుగాని అల్లుడూ. నీకింక బోలెడు రోజులున్నాయి," అంది.

బండి గేటు దాటింది. మగవాళ్ళిద్దరూ తల్లి చేతిసంచీ పట్టుకుని మెట్లమీద కూర్చున్నారు. ఓ చుట్టు తిరిగి వస్తారనుకుంటే, బండి గేటు ముందునుంచి ఆగకుండా వెళ్ళిపోయింది. తల్లి ఓ చెయ్యి వదిలి, వాళ్ళవైపు ఊపి, ఏదో అంది. గాలిలో వినపడలేదు.

"ఏమంది?" అన్నాడు లిఫ్టాయన.

"ఇంకో చుట్టు అన్నట్టుంది బావా," అన్నాడు ఫ్యూజు.

లిఫ్టాయన సంచీ ఒళ్ళో పెట్టుకుని, కాళ్ళు చాపుకుని కూర్చున్నాడు.