మంచు మీద చల్లిన కళ్లాపి

నేను ఒక ఇత్తడి బకెట్టుని. అడుగంతా సొట్టలు, ఒక చెవి విరిగిపోయింది, నేల మీద పెడితే ఓ పక్కకి ఒరిగి కూర్చుంటాను. చూసినవాళ్లు ముసలిదైపోయింది పాపం అనుకుంటారు. అనుకోనివ్వండి. అసలు సంగతి చెప్పాలంటే నాకు సిగ్గు, చెప్పకపోతే ఇంకా సిగ్గు.

శ్రీకాకుళం వైపు ఒక కంచరి వీధిలో పుట్టాను. నన్ను సాగగొట్టిన పెద్దాయన సుత్తి దెబ్బ దెబ్బకీ ఎవరినో తిట్టుకునేవాడు; ఎవరినన్నది చివరిదాకా తెలియలేదు. మొదట ఒక భోజన హోటలు ఆయన కొన్నాడు. అక్కడ నాది సాంబారు ఉద్యోగం. ఆకలి మీద ఉన్నప్పుడు మనుషులు ఎంత మర్యాదగా మాట్లాడతారో, కడుపు నిండాక అదే సాంబారుకి ఎన్ని వంకలు పెడతారో అక్కడే చూశాను. హోటలు మూతపడి సామాన్లు అమ్మేస్తుంటే, కొండ మీద నుంచి పసుపు అమ్ముకోడానికి దిగిన సన్యాసమ్మ నా మీద మనసు పడింది. అలా ఘాట్ రోడ్డెక్కి నీలంగెడ్డ చేరాను. సాంబారు పోయి పేడనీళ్లొచ్చాయి. అయినా పరువు పెరిగిందనే చెప్పాలి, సన్యాసమ్మ కళ్లాపి అంటే ఆ ఊళ్లో అంత పేరు.

భర్త పోయిన మనిషి, ఒక్కర్తే ఉంటుంది. చలికాలం వస్తే ఆయాసం. అయినా తెల్లారేసరికి ఆమె వాకిలి తడిసి, ముగ్గు పడి ఉండాల్సిందే. తన వాకిలితో ఆగితే బాగుండేది. దారి దాటి, పంచాయతీ కొళాయి దాకా, అక్కణ్ణుంచి ఎదురింటి అచ్చియ్యమ్మ గడప దాకా చల్లేది. అది మంచితనం అని ఊరు అనుకునేది. అచ్చియ్యమ్మ లేచేసరికి ఆమె గడపలో కూడా తన ముగ్గే ఉండాలన్న పట్టుదల అని నాకు తెలుసు. అచ్చియ్యమ్మ మాత్రం నవ్వి, "నాకు పని తప్పించీసినావు వదినా" అనేది. ఆ నవ్వుకి సన్యాసమ్మకి ఒళ్లు మండేది.

నీలంగెడ్డకి చలి కొత్త కాదు. పొగమంచు కొత్త కాదు. కానీ ఆ ఏడాది ఒక పొద్దున తలుపు తీస్తే ఊరు కనబడలేదు. మోకాలి లోతు మంచు! తాతల నాటి నుంచి ఎవరూ ఎరగరు. ఇక చూడండి మనుషుల తమాషా. గొడుగులేసుకుని బయటికొచ్చారు. కాళ్లకి ప్లాస్టిక్ సంచులు కట్టుకున్నారు. ఉన్న చీరలన్నీ ఒకదాని మీద ఒకటి చుట్టుకున్నారు, ఆవులకి గోనెలు కప్పారు, మేకలకి మొగుళ్ల చొక్కాలు తొడిగారు. పిల్లలు మంచు గిన్నెల్లోకి ఎత్తి పంచదార కలుపుకు తిన్నారు. రేకుల మీద బరువు పడి ఇల్లు కూలుతుందని మగవాళ్లు పైకెక్కి తట్టలతో తోడిపోశారు. ఘాట్ రోడ్డు మూసుకుపోయింది, జీపులు ఆగిపోయాయి.

"ఈ పూటకి కల్లాపి మానీ వదినా, సలి సంపేస్తాది," అంది అచ్చియ్యమ్మ కిటికీలోంచి.

ఆ మాట అనకపోయినా మానేసేదేమో! సన్యాసమ్మ కొంగు బిగించి, చీపురుతో మంచు ఊడ్చి, కొళాయి దాకా నేల తేల్చింది. నాలో వేన్నీళ్లు పోసి, పేడ కలిపి, దారి పొడవునా చల్లింది. తెల్లటి ఊళ్లో ఆ ఒక్క ముక్కా నల్లగా తడిసి, మధ్యలో ఆమె ముగ్గు మెరిసింది. వచ్చినవాళ్లంతా ఓలమ్మో అని బుగ్గలు నొక్కుకున్నారు. ఆమె మురిసింది. నేనూ మురిశాను, అబద్ధమెందుకు.

మధ్యాహ్నం మళ్లీ మంచు పడి అంతా కప్పేసింది. కిందున్న మా నీళ్లు గాజుపలకలా గడ్డకట్టిన సంగతి ఎవరికి తెలుస్తుంది? మాకు మంచు గురించి ఏం తెలుసు?

సాయంత్రం సన్యాసమ్మకి ఆయాసం ఎక్కువైంది. దగ్గు విని అచ్చియ్యమ్మ ఆగలేకపోయింది. తన కుంపట్లో నిప్పులు పోసుకుని, "వస్తన్నానుండు వదినా" అంటూ బయల్దేరింది. కొళాయి దగ్గర కాలు జారింది. కుంపటి ఎగిరిపడింది, నిప్పులు మంచులో చుయ్యిమన్నాయి. కుడి మణికట్టు విరిగిపోయింది.

దగ్గరున్న ఇల్లు సన్యాసమ్మదే కాబట్టి అక్కడికే మోసుకొచ్చారు. వెదురుబద్దలు పెట్టి గుడ్డతో కట్టారు. దారి తెరిచేదాకా ఆసుపత్రి లేదు. సన్యాసమ్మ జావ కాచి పోసింది, చెయ్యి కిందికి దిండు సర్దింది. "నువ్వు నేకపోతే నాను ఏటైపోదునో వదినా," అని అచ్చియ్యమ్మ కళ్లనీళ్లు పెట్టుకుంది. సన్యాసమ్మ తల తిప్పేసుకుంది. తన ముగ్గు మీదే అచ్చియ్యమ్మ జారిందని ఆమెకి అప్పటికే అర్థమైంది.

ఇంతలో గుమ్మంలో గొడవ. సర్పంచి వచ్చి ఆ చీకట్లో కొళాయి మొదట్లో మంచు తవ్వించి చూస్తే కింద ఐసు తగిలింది. పొద్దుటి కళ్లాపి ఎప్పుడో ఇంకిపోయి ఉంటుంది, కొళాయి పక్కన ఐసంటే కొళాయి కారినట్టే కదా! నీళ్లు వదిలే బొంజన్నని పిలిపించారు. నెత్తిన గోనెసంచి, ఒంటి మీద పల్చటి చొక్కా.

"నాను కట్టీసినాను బాబూ, నా పిల్లల మీద ఒట్టు," అన్నాడు.

"కట్టేస్తే ఈ నీళ్లు ఆకాశం నుంచి పడ్డాయా? రేపు కొళాయి తాళాలిచ్చేసి ఇంటికి పో," అన్నాడు సర్పంచి.

ఆ కొళాయి పనే బొంజన్న ఇంట్లో పొయ్యి వెలిగించేది. సన్యాసమ్మ తలుపు చాటున నిలబడి అంతా విన్నది. ఒక అడుగు ముందుకేసింది. మళ్లీ తలుపు చాటుకే వెళ్లింది. నేను ఆమె కాళ్ల దగ్గరే ఉన్నాను. నాకు నోరుంటే బాగుండుననిపించింది. ఉన్నా ఏం చెప్పేదాన్నో తెలియదు.

తెల్లవారుతుండగా నన్ను పట్టుకుని బయటికెళ్లింది. పైన మంచు చేత్తో తోసేసరికి, ఐసులో తన ముగ్గు చెక్కుచెదరకుండా ఉంది. చుక్కా గీతా అన్నీ. ఆ చెయ్యి ఎవరిదో ఊళ్లో పసిపిల్ల కూడా చెబుతుంది. ఆమె నన్ను తలకిందులు చేసి, నా అడుగుతో ఆ ఐసుని కొట్టడం మొదలుపెట్టింది. ఛీ! నన్ను పట్టుకుని అంత గట్టిగా ఎవరూ ఎప్పుడూ కొట్టలేదు. చెవి విరిగింది, అడుగు లోపలికి పోయింది. ఆయాసంతో రొప్పుతూ, ఏడుస్తూ కొడుతూనే ఉంది.

తాళాలు అప్పజెప్పడానికి వస్తున్న బొంజన్న అది చూశాడు.

"ఇంకెవులూ పడిపోకుండా నువ్వు కొడతన్నావేటమ్మా? సలిలో, ఈ ఆయాసంలో! ఇది నా పని, ఇలాగియ్యి," అని ఆమె చేతిలోంచి నన్ను లాక్కున్నాడు.

తను తప్పు చేయలేదని చూపించే ఆ ఒక్క ముగ్గునీ, పొద్దు వెలుగు పడీ పడని చోట అదేమిటో కనబడక, బొంజన్న తన చేత్తోనే పగలగొడుతున్నాడు. ఆమె చూసింది. భరించలేకపోయింది.

"ఆపరా బొంజన్నా!" అని అరిచింది. మిగిలిన ఒక్క పెళ్లని, రెండు గీతలూ ఒక చుక్కా ఉన్నదాన్ని, నాలో వేసుకుని సర్పంచి ఇంటికి పరుగెత్తింది. ఏమైందో తెలియక అతనూ వెనకే వచ్చాడు.

అరుగు మీద మంట వేసుకుని ఊరు సగం అక్కడే ఉంది. ఆమె నన్ను మంట పక్కనే దించి, ఆయాసం తీరేదాకా అరుగు పట్టుకుని నిలబడి, అప్పుడు చెప్పింది.  

"కొళాయి కారనేదు. ఆ నీళ్లు నావి. నాను సల్లిన కల్లాపే గడ్డకట్టింది. అచ్చియ్యమ్మ సెయ్యి ఇరగ్గొట్టింది నాను. ఇందులో నా ముగ్గుంది, సూడండి!"

అందరూ నాలోకి తొంగిచూశారు. మంట సెగకి పెళ్ల కరిగిపోయింది. అడుగున కాసిని పచ్చటి నీళ్లున్నాయి.

సర్పంచి కళ్లు చెమర్చాయి. "చూశారా! పేదవాడి కూడు పోతుందని నింద తన నెత్తిన వేసుకుంటోంది. ఎంత తల్లివమ్మా!" అన్నాడు. ఆమె ఒట్లు పెట్టింది. ఎన్ని ఒట్లు పెడితే అంత మెచ్చుకున్నారు. "సరే, సన్యాసమ్మ ముఖం చూసి ఈసారికి వదిలేస్తున్నాను. ఇంకెప్పుడూ కొళాయి కారనివ్వకు," అని తాళాలు బొంజన్న దగ్గరే ఉంచేశాడు. బొంజన్న ఆమె కాళ్ల మీద పడ్డాడు. ఆమె కాళ్లు వెనక్కి తీసుకుంది. అది కూడా వినయమే అనుకున్నారు.

ఇంటికొచ్చి మంచం పక్కన కూర్చుని అచ్చియ్యమ్మకి అంతా చెప్పింది. ఆమె ఒక్కర్తే నమ్మింది. కట్టు కట్టిన చేతికేసి చాలాసేపు చూసుకుని, "నా గడప దాకా సల్లీది నువ్వొక్కర్తివే గదా," అని గోడవైపు తిరిగి పడుకుంది. ఆ తరవాత మళ్లీ థాంక్సులు చెప్పలేదు. దారి తెరిచి జీపు వచ్చినప్పుడు సన్యాసమ్మ చెయ్యి అందిస్తే పట్టుకోలేదు. ఊరంతా పొగిడిన పొగడ్తకంటే ఆ ఒక్క పనే సన్యాసమ్మకి కాస్త ఊపిరాడనిచ్చిందని నాకనిపించింది.

మంచు ఎప్పుడో కరిగింది. మళ్లీ పడలేదు. బొంజన్న రోజూ కొళాయి తిప్పగానే, లైనులో అంతమంది బిందెలు పక్కకి జరిపి, ముందు నన్నే నింపుతాడు. ఒంటిచెవి నన్ను జాగ్రత్తగా మోసుకొచ్చి గుమ్మంలో దించి, "తల్లీ, నీ దయ," అని దండం పెడతాడు.

"కాదురా, ఆ నీళ్లు నావే," అని ఆమె మొదలుపెడుతుంది.

అతను నవ్వి వెళ్లిపోతాడు. రోజూ.