స్వరూప కూలి

షాద్‌నగర్ బస్టాండుకు ఎదురుగా, మందుల దుకాణం పక్కనున్న చిన్న రేకుల షెడ్డులో అండాలు జొన్న రొట్టెలు అమ్ముతుంది. ఆమెతో పాటు పొయ్యి ముందు కూర్చునేది ఆడబిడ్డ స్వరూప. భర్తతో పొసగక ఆరేళ్ల కిందట అన్న ఇంటికి వచ్చేసిన స్వరూప, వచ్చిన మరునాడే పిండి కలపడానికి కూర్చుంది. అండాలు చేసే రొట్టె కాస్త మందంగా వస్తుంది. స్వరూపది అంచుల దాకా ఒక్క తీరుగా, పల్చగా ఉంటుంది.

ఒక ఆదివారం ఫ్యాక్టరీ క్యాంటీన్ నడిపే ముజఫ్ఫర్ వచ్చాడు.

"రోజూ పొద్దుగాల రెండొందల రొట్టెలు కావాలె అండాలమ్మా. పదకొండు రూపాయల లెక్క తీసుకుంట. ఏ రోజు పైసలు ఆ రోజే."

షెడ్డులో ఒక రొట్టె ఇరవై రూపాయలు. పదకొండంటే తక్కువే. కానీ రోజుకు రెండు వేల రెండు వందలు ఒకేసారి చేతికొస్తాయి. కారుతున్న రేకులు మార్చుకోవచ్చనిపించింది అండాలుకు. మంగళవారానికల్లా చెప్తానని పంపింది.

మర్నాడు సాయంత్రం ఉమేరా వచ్చింది. ఆ అమ్మాయి ఒక కంపెనీలో లెక్కలు రాస్తుంది. ఇంటికి పోతూ రోజూ నాలుగు రొట్టెలు కట్టించుకుంటుంది. అండాలు ఆమెకు సంతోషంగా సంగతి చెప్పింది.

"ఒక రొట్టెకు మీకెంత పడ్తది పెద్దమ్మా?" అడిగింది ఉమేరా.

"ఏమో బిడ్డా. పొద్దూకినంక గల్లా చూసుకుంట. నిండుగుంటే లాభం, లేకుంటే లేదు."

"గల్లాల పడేదంత ఆదాయం. అండ్లకెళ్లి ఖర్చులన్ని తీసేస్తెనే లాభం. ఒకపారి చూద్దాం పట్టు."

పాత క్యాలెండర్ కాగితం చింపి, వెనక్కి తిప్పి రాయడం మొదలుపెట్టింది. జొన్నలు, పిండి గిర్నిలో పట్టించిన డబ్బులు కలిపి రొట్టెకు ఆరు రూపాయలు. గ్యాస్ రెండు. క్యాంటీన్ దాకా ఆటో కిరాయి రొట్టెకు ఒకటి. మొత్తం తొమ్మిది.

"అంటే రొట్టెకు రెండు రూపాయలు మిగుల్తయ్," అంది అండాలు. "రెండొందల రొట్టెలకు నాలుగొందలు. మంచిదే గద!"

"మరి రొట్టెలు చేసేదెవ్వరు?"

"నేను, స్వరూప."

"మీ ఇద్దరి కూలి రాయలే కదా ఇంక."

అండాలు నవ్వింది. "ఇంటోళ్లకు కూలేంది బిడ్డా?"

"స్వరూపక్క లేదనుకోండి. ఇంకొకామెను పెట్టుకుంటే ఎంతియ్యాలె?"

అండాలుకు వెంటనే జవాబు తెలుసు. పక్క వీధి శోభను ఒకసారి అడిగి చూసింది కూడా. "పూటకు రెండొందల యాభై," అంది.

పెనం మీది రొట్టె తిప్పబోతున్న స్వరూప చేయి ఆగింది. ఆమె తలెత్తలేదు.

"ఇద్దరికి ఐదొందలు," అంది ఉమేరా, రాస్తూనే. "మిగిలేది నాలుగొందలు. అంటే రోజుకు నూరు రూపాయల నష్టం. మీరిద్దరు కూలి తీసుకోకుండ చేస్తరు కాబట్టి గది లాభం లెక్క కనిపిస్తున్నది."

రొట్టె మాడిన వాసన వచ్చింది. స్వరూప గబగబా తీసి పక్కన పడేసింది.

ఉమేరా వెళ్లిపోయాక అండాలు ఆ కాగితాన్ని చాలాసేపు చూసింది. రెండేళ్ల కిందట స్వరూప కళ్లద్దాల కాడ విరిగితే దారం చుట్టుకుని నెలల తరబడి పెట్టుకుంది. అది రోజూ ఎదురుగానే కనిపించింది. కొత్తవి కావాలని స్వరూప అడగలేదు. అడగలేదు కాబట్టి అవసరం లేదనుకుంది తను. ఇప్పుడు తల్చుకుంటే ముఖం వేడెక్కింది.

మంగళవారం ముజఫ్ఫర్ వచ్చేసరికి ఆమె లెక్క సిద్ధంగా ఉంది.

"పదిహేనుకు తక్కువ ఇయ్య భాయ్."

"గింతనా! జర చూడు అండాలమ్మా, పన్నెండుకియ్యి."

"పన్నెండైతే కూలి పోను నూరు రూపాయలు మిగుల్తయ్. గా నూటికి నా రేకులు రావు." కాగితం తీసి చూపించింది. ముజఫ్ఫర్ దాన్ని రెండుసార్లు చదివాడు. చివరికి పద్నాలుగుకు ఒప్పుకున్నాడు.

ఆ మధ్యాహ్నం అండాలు స్వరూప ఎదురుగా కూర్చుంది.

"ఇకమీదికెళ్లి నీకు పొద్దుగాల, సాయంత్రం రెండు పూటలకు కలిపి రోజుకు నాలుగొందలిస్త."

స్వరూప పిండి చేతులు కడుక్కుంది. కొంగుతో తుడుచుకుంది. "శోభకైతే రెండు పూటలకు ఐదొందలయితయ్ గద వదినా," అంది మెల్లగా.

అండాలుకు నవ్వొచ్చింది. "సరే, ఐదొందలు. ఇన్నేండ్లు ఎందుకడగలే?"

"ఏమని అడగాలె? తింటున్న, ఉంటున్న. గది చాలంటరేమో అనుకున్న."

అండాలు స్వరూప మోకాలి మీద చెయ్యేసింది.

నెల తిరిగేసరికి స్వరూప సెలవడిగింది. అచ్చంపేటలో చిన్ననాటి స్నేహితురాలి బిడ్డ పెళ్లి. ఆరేళ్లలో ఆమె ఎక్కడికీ పోలేదన్న సంగతి అండాలుకు అప్పుడే తట్టింది.

"పోయి రా," అంది.

పెళ్లి నాడు శోభను పిలిపించుకుంది. శోభ చేసిన రొట్టెలు సగం మధ్యలోనే చిరిగాయి. క్యాంటీన్‌కు నూట ఇరవై మాత్రమే వెళ్లాయి. ముజఫ్ఫర్ ఫోన్ చేసి కోప్పడ్డాడు.

"ఏమైందమ్మా ఇయ్యాల?"

"మా మనిషి సెలవుల ఉన్నది భాయ్," అంది అండాలు, చిరిగిన రొట్టెలు ఏరుతూ. "రేపొస్తది."