ఎప్పుడు చేయించుకుంటావ్?

టైలరమ్మ మోకాళ్ళు పదేళ్ళుగా అరుగుతూ వచ్చాయి. మెట్లు దిగేటప్పుడు మొదలైన నొప్పి చివరికి పక్క మీద వాలినా వదలడం లేదు. ఆమెకు యాభై తొమ్మిదేళ్ళు. భర్త పోయాక తల్లిని తెచ్చుకుని, స్కూలు పిల్లల యూనిఫారాలు కుడుతూ మేడ మీద వాటాలో ఉంటోంది. తల్లికి ఎనభై ఆరు. తుంటి విరిగిన నాటి నుంచి, కూతురు చంకల కింద చేతులు వేసి లేపితే తప్ప మంచం దిగలేదు.

డాక్టరు ఎక్స్‌రేని వెలుతురుకు పెట్టి చూపించాడు. ఎడమ మోకాలిలో ఎముకల మధ్య ఉండాల్సిన సందు లేనే లేదు.

"వ్యాయామాలు చేశారు, బరువు తగ్గారు. మాత్రలు కడుపుకి పడలేదు. మొదటి ఇంజక్షన్ ఎన్నాళ్ళు పనిచేసింది?"

"ఆర్నెల్లండీ."

"మొన్నటిది?"

"మూడు వారాలు."

"ఇక మిగిలింది కీలు మార్చడమే. నలభైల్లో వచ్చుంటే ఆగమనేవాణ్ణి. పెట్టిన కీలూ అరుగుతుంది, మళ్ళీ మార్చాల్సొస్తుంది. మీ వయసులో ఆ భయం తక్కువ. ఆలస్యమే నష్టం. కాలు వంకర తిరుగుతోంది, తొడ కండ కరిగిపోతోంది. అది పూర్తిగా పోయాక చేస్తే, కొత్త కీలున్నా నడక అంత బాగా కుదరదు. దేనికోసం ఆగుతున్నారు?"

ఆమె చేతిసంచి పట్టీ సరిచేసుకుంది. "ఇంట్లో వీలు చూసుకుని వస్తానండీ."

ఆపరేషన్ తర్వాత మూడు నెలలు బరువులు ఎత్తకూడదన్నాడు. మంచం మీది తల్లి కూడా ఆ బరువుల్లోకే వస్తుంది. వీలంటే ఏమిటో ఆమెకు లోపల తెలుసు. ఆ మాటను పెదవి దాకా రానివ్వలేదు.

పది రోజుల తర్వాత, తల్లిని బాత్రూంకి నడిపిస్తుంటే ఎడమకాలు ఉన్నట్టుండి పట్టు తప్పింది. తల్లిని గట్టిగా పొదివి పట్టుకుని, గోడకు ఆనుకుంటూ జారింది. ఇద్దరూ గుమ్మం దగ్గర కూలబడ్డారు. దెబ్బలేమీ తగల్లేదు గానీ లేవడం ఇద్దరి వల్లా కాలేదు. ఫోను కుట్టుమిషను మీద ఉండిపోయింది. రోజూ బస్సు డ్యూటీకి వెళుతూ తొంగిచూసే తమ్ముడు రావడానికి ఇంకా గంట ఉంది.

"బాగుందే. తల్లీకూతుళ్ళం పిక్నిక్కొచ్చినట్టుంది" అంది తల్లి.

కూతురు నవ్వలేదు.

"ఇంతకీ డాక్టరేమన్నాడు?"

"ఆపరేషనన్నాడు."

"ఎప్పుడు చేయించుకుంటావ్?"

"చూద్దాంలే అమ్మా."

"నేను పోయాకా?"

కాదని అనడానికి నోరు తెరిచింది. కళ్ళనీళ్ళు మాత్రం వచ్చాయి.

తల్లి ఆమె మోకాలి మీద చెయ్యి వేసింది. "ఏడవకు. మా అత్తగారికి చేసినన్నాళ్ళూ నేనూ అలాగే రోజులు లెక్కపెట్టాను. ఆవిడ మీద ప్రేమ లేకనా? ఒళ్ళు అలిసిపోయి. కానీ నేనెప్పుడు పోతానో నాకే తెలీదు. దాన్ని పట్టుకుని కూర్చుంటే నువ్వూ మంచాన పడతావ్."

"నిన్నెవరు చూస్తారమ్మా?"

"నీకో తమ్ముడున్నాడు. వాడికి రెండు చేతులున్నాయి. నువ్వేనాడైనా వాణ్ణి అడిగావా?"

నిజమే. అడగలేదు. తనకంటే బాగా ఎవరూ చూడలేరన్న పంతం ఒకటి ఉండేది ఆమెకు.

తమ్ముడు వచ్చి, ఇద్దరినీ చూసి గుమ్మంలోనే నిలబడిపోయాడు. ముందు తల్లిని ఎత్తి మంచం మీద పడుకోబెట్టాడు. తర్వాత అక్కను లేపాడు. ఆమె అంతా చెప్పేసింది.

"ఇన్నాళ్ళూ నాతో ఒక్క మాట అనలేదేం అక్కా?" అన్నాడు. ఆ గొంతులో కోపం కంటే నొచ్చుకోవడమే ఎక్కువ వినిపించింది.

తమ్ముడు తల్లిని తన ఇంటికి తీసుకెళ్ళిన రోజు టైలరమ్మ మెట్ల దాకానే వెళ్ళగలిగింది. తర్వాతి వారమే ఎడమ మోకాలి ఆపరేషన్ జరిగింది. రెండో రోజునే నిలబెట్టారు. కాలు వంచమన్నప్పుడల్లా పళ్ళు బిగబట్టి వంచేది. మూడో నెల నిండేసరికి కర్రతో తమ్ముడి ఇంటికి నడిచి వెళ్ళింది.

తల్లి బాగా చిక్కిపోయింది. మరదలు ఆవిడ జుట్టు శుభ్రంగా దువ్వి, గోళ్ళు తీసి ఉంచింది.

"వెళదామా అమ్మా?" అంది టైలరమ్మ.

"నేనిక్కడే ఉంటానే. నన్నెత్తడానికి కాదు నువ్వు బాగుపడింది. రోజూ వచ్చి కాసేపు కూర్చో, చాలు."

కూతురికి గుండె బరువెక్కింది. ఆ బరువులోనే కాస్త ఊరట కూడా ఉందని గుర్తించి తలదించుకుంది. తల్లి ఆమె చెయ్యి వదల్లేదు.

"మరి రెండో కాలెప్పుడు?" అని అడిగింది.