ముందుగాల తెలుగు ఎక్కియ్యి

నా నోటి దురుసు శంషాబాద్ బస్టాండు చుట్టుపక్కల అందరికీ తెలిసిందే. డీటీపీ, జిరాక్స్ షాపు పెట్టి పదిహేడేళ్లయింది. కంప్యూటర్లు నాలుగు మారాయి, నోరు మాత్రం మారలేదు. ఆ రోజు పొద్దున షాపు తెరిచేసరికి కంప్యూటరు నీలం తెర వేసుకుని కూర్చుంది. బయటేమో ఎయిర్‌పోర్టు ఉద్యోగాల దరఖాస్తులు పట్టుకుని నలుగురు నిలబడ్డారు. రిపేర్లు చేసే పాండును ఫోన్ చేసి పిలిచాను.

"కొత్తగ విండోస్ ఎక్కియ్యాలె అక్కా. సి డ్రైవ్ మొత్తం సాఫ్ అయితది. డెస్క్‌టాప్ మీద అవసరమున్నయ్ ఏమన్న ఉన్నయా?" అని అడిగాడు పాండు.

"పనికొచ్చేటియన్నీ డి డ్రైవ్‌లనే ఉన్నయ్. ముచ్చట్లు బంద్ జేసి పని కానియ్," అన్నాను.

నేను అబద్ధమాడలేదు. ఏటా దసరాకు మిషన్లకు పూజ చేసే ముందు, డెస్క్‌టాప్ మీద పోగైన ఫైళ్లన్నీ డి డ్రైవ్‌లోకి సర్దుతాను. ఇల్లు దులిపినట్టే అదీ దులుపుతాను. ఆ తరువాతే కీబోర్డుకు పసుపు, కుంకుమ. అయితే ఈ దసరాకు ఇంకా పన్నెండు రోజులుంది. పోయిన దసరా నుంచి వచ్చిన స్కానింగులన్నీ డెస్క్‌టాప్ మీదే ఉన్నాయన్న సంగతి ఆ చిరాకులో నాకు తట్టనే లేదు.

పదకొండుకల్లా తెర కొత్తగా, ఖాళీగా వచ్చింది. పాండు తన లెక్క ప్రకారం మొదలుపెట్టబోయాడు.

"ముందుగాల యాంటీవైరస్, ఎన్కనుంచి ప్రింటర్‌ది. తెలుగు ఆఖరుకు పెట్టుకుందాం. అది పెద్దగుంటది, ఫాంట్లే ఐదు వందలున్నయ్."

"తెలుగు లేకుంటే నేను గీడ కూసొని ఈగలు తోలాలె. ముందుగాల తెలుగు ఎక్కియ్యి."

"నీ షాపు, నీ ఇష్టం," అన్నాడు పాండు. ఎక్కించాడు.

అది అయిపోయి అయిదు నిమిషాలు కాలేదు, ఫోన్ మోగింది. కొత్వాల్‌గూడ పోచమ్మ పెద్దమ్మ.

"శోభా, నా కాగితం తీసి పెట్టు బిడ్డా. మూడు గంటలకు మండలాఫీసుల పిలుపున్నది. ఒంటిగంటకల్లా వస్తున్న."

ఆ కాగితమేమిటో నాకు బాగా తెలుసు. ముప్పై ఏళ్ల కింద అన్నదమ్ములు పంచుకున్నప్పుడు, రెండు వందల గజాల ఇంటి జాగా పెద్దమ్మ భర్త పాలికి వచ్చిందని ఊరి పెద్దల ముందు రాసిన కాగితం. కింద అయిదుగురి వేలిముద్రలు. భర్త పోయాక, మరిది కొడుకు ఆ జాగా తనదేనంటున్నాడు. పోయిన కార్తీకంలో పెద్దమ్మ దాన్ని నా దగ్గర స్కాన్ చేయించింది. ఆమెకు చదువు రాదు. ఆ కాగితం ఎవరి చేతికిచ్చినా మొదటి నుంచి చివరిదాకా పైకి చదివించుకోకుండా వదలదు. నాతోనూ చదివించుకుంది. మొన్నటి వానలకు ట్రంకుపెట్టెలో నీళ్లు చేరి కాగితమూ, దాని జిరాక్సూ ముద్దయిపోయాయి. ఏం ఫికర్ లేదు, శోభ కంప్యూటర్‌ల ఉన్నదని ఆమె ఊళ్లో అందరికీ చెప్పుకుంది.

డి డ్రైవ్ తెరిచాను. లేదు. మళ్లీ వెతికాను. అయినా లేదు.

"పాండు, నేను సచ్చిన," అన్నాను.

సంగతి విని పాండు మౌస్ మీది నుంచి నా చెయ్యి లాగేశాడు. "ఇగ ఏదీ ముట్టకు. ఏదీ ఎక్కియ్యకు. కడిగిన వాకిలి తీరు అనుకో అక్కా. మీద కొత్త ముగ్గెయ్యనంత సేపు పాత గీతలు జర కనబడ్తయ్. ఎంత ఎక్కిస్తే అంత పోతది."

"మరి ఎక్కిచ్చినవు గద?"

"నువ్వే ఎక్కియ్యమంటివి గద."

"నేనంటే నీకు తెల్వద్దా? అడగొద్దా?"

"అడిగిన అక్కా," అన్నాడు పాండు, మెల్లగానే.

నోరా, వీపుకు చేటు తేకే అంటారు. నా నోరు ఇంకొకరి ఇంటి మీదికి తెచ్చింది.

పోయిన ఫైళ్లు వెతికే సాఫ్ట్‌వేర్‌ను పాండు పెన్‌డ్రైవ్ నుంచే నడిపించాడు, కంప్యూటర్లోకి ఎక్కించకుండా. తెర మీద అంకె కదలడం మొదలైంది. మూడు శాతం. నాలుగు శాతం. దరఖాస్తుల వాళ్లను పక్క షాపుకు పంపేశాను. పైనుంచి విమానం పోతే షట్టరు గడగడలాడింది. ఆ అదురుకు కూడా ఏమైనా చెరిగిపోతుందేమోనని పిచ్చి భయమేసింది. పన్నెండుకు ముప్పై ఒక్క శాతం. పన్నెండున్నరకు అరవై. దొరికిన ఫైళ్లకు పేర్లు లేవు, అన్నీ అంకెలే. ఒక్కొక్కటే తెరిచి చూస్తూ పోయాం. ఎవరిదో ఆధార్, ఎవరిదో పెళ్లి పత్రిక, ఎవరిదో పదో తరగతి మెమో. ఇవన్నీ నన్ను నమ్మి ఇచ్చినవే కదా అనుకుంటే సిగ్గేసింది.

ఒంటిగంటకు అయిదు నిమిషాలుందనగా కాగితం దొరికింది.

సగమే. పై సగంలో పేర్లు, మూడు దిక్కుల హద్దులు శుభ్రంగా ఉన్నాయి. కింది సగమంతా బూడిదరంగు. వేలిముద్రలు ఒక్కటీ లేవు.

"విండోసే తిన్నదో, తెలుగే తిన్నదో చెప్పలేం అక్కా," అన్నాడు పాండు. నన్ను ఓదార్చడానికే అన్నాడు. నేను ఓదారలేదు.

పెద్దమ్మ అన్న సమయానికే వచ్చింది, ఉతికిన చీర కట్టుకుని. కరెంటు పోయిందని చెబుదామా అని ఒక్క క్షణం అనిపించింది. చెప్పలేకపోయాను.

"పెద్దమ్మా, నీ కాగితం సగం పోయింది. తప్పు నాదే. పాండు అడిగిండు, నేనే ఏం లేవన్న."

ఆమె తిట్టలేదు. తిడితే బాగుండేది. స్టూలు మీద కూర్చుని, "ఉన్నకాడికి చదువు," అంది.

చదివాను. తూర్పున బాట, పడమర సాయిలు ఇల్లు, ఉత్తరాన చింతచెట్టు. అక్కడితో అక్షరాలు అయిపోయాయి. పెద్దమ్మ ఆగలేదు. తెర వంక చూడనైనా చూడకుండా మిగిలింది అప్పజెప్పింది. "దక్షిణాన పెంటయ్య దొడ్డి. ఇందుకు మేమందరం రాజీ. సాక్షులు..." అయిదు పేర్లూ వరసగా చెప్పింది. ముప్పై ఏళ్లుగా ఎంతమందితో చదివించుకుందో, అంతమంది గొంతులూ ఆమె గుర్తులో ఉన్నట్టున్నాయి.

"గీ అయిదుగురిల ఎవరన్న బతికున్నరా పెద్దమ్మా?" అని అడిగాడు పాండు.

"చెన్నయ్య బావ ఉన్నడు. పాల్మాకుల ఊర్ల బిడ్డ ఇంట్ల ఉంటున్నడు."

"మరి గిన్ని దినాలు జెప్పవైతివి?" నా గొంతు మళ్లీ లేచింది.

"ఆఫీసోళ్లు కాగితం తెమ్మన్నరు బిడ్డా. మనిషిని తెమ్మనలే."

పాండు అప్పటికే బండి తాళం తీసుకున్నాడు. అతను వచ్చేలోగా ప్రింటర్ సాఫ్ట్‌వేర్ నేనే ఎక్కించాను. రెండుంపావుకు చెన్నయ్య తాతను బండి వెనక కూర్చోబెట్టుకుని వచ్చాడు. ఆనాటి పంపకం సంగతి తాత చెబుతుంటే నేను టైపు చేశాను. పొద్దున నేను పట్టుబట్టి ఎక్కించుకున్న తెలుగే. ప్రింటు తీసి ఇస్తే పెద్దమ్మ నాతో పైకి చదివించింది. తాత విన్నాడు, తలూపాడు, ఇంకుప్యాడు మీద బొటనవేలు అద్ది ముద్ర వేశాడు.

రెండూ నలభై. ఆఫీసులో దీన్ని ఒప్పుకుంటారో లేదో మాలో ఎవరికీ తెలియదు. నేను అలవాటు కొద్దీ కాగితం అందుకుని స్కానర్ మూత ఎత్తాను.

పెద్దమ్మ నా చేతి మీద చెయ్యి వేసింది.

"వద్దు బిడ్డా," అంది. కాగితం మడిచి కొంగున ముడేసుకుంది. "నా తానే ఉండనియ్."